వల మడతలో రెండు ఎర్ర రిబ్బన్లు

మా చర్చి హాల్లో మధ్యన ఒక దారి ఉంటుంది. దానికి ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు కూర్చుంటారు. ఒకప్పుడు చాపల మీద కూర్చునేవాళ్ళం, ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. చాపలు పోయాయి గానీ దారి పోలేదు. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న హాలు కాబట్టి గూడ్సు బండి వెళ్ళేటప్పుడు ప్రార్థన చేస్తున్నవారు ఆగుతారు. బండి పోయాక, ఆపిన మాట దగ్గర నుంచే మళ్ళీ అందుకుంటారు. నేను ఆ హాల్లోనే పెరిగాను. దారికి ఎటువైపు కూర్చోవాలో నాకు నడక రాకముందే తెలుసు.

వారమంతా రుషికొండ వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పాఠాలు అయ్యాక అక్కడి కంప్యూటర్ల మీద కరిగిన ఉప్పుల లెక్కలు చేస్తాను. ఆదివారం పొద్దున్న సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాది. ఈ రెండింటిలో ఏది ముందని అడిగితే నేను తడుముకోను. క్లాసే ముందు. కాలేజీ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే వచ్చింది. క్లాసు మాత్రం మా పెదనాన్న, సంఘ పెద్దల్లో ఒకరు, నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించి అప్పజెప్పారు. ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. క్రేను మీద బరువు వేలాడుతుండగా ఎవరితోనూ మాట్లాడేవారు కాదట. ఇప్పుడు చేతిలో గ్రంథం ఉన్నప్పుడూ అంతే.

ఒక మే నెలలో ఆ క్లాసు నా చేతుల్లోంచి జారిపోబోయింది. కారణం జింక్ క్లోరైడ్.

వేసవి సెలవుల్లో పిల్లలకు మా చర్చిలో వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, పెడతాం. పాటలు, కథలు, కంఠత వాక్యాలు, మధ్యాహ్నం మజ్జిగ, ఆఖరి ఆదివారం సంఘమంతటి ముందూ ప్రోగ్రాం. ఆ ఏడు పెద్దలు ఎంచిన అంశం ఉప్పు. మా పిల్లలకు గ్రంథంలోని ఉప్పంతా తెలుసు. నైవేద్యం మీద చల్లే ఉప్పు, ప్రవక్త చెడిన ఊటలో వేసిన ఉప్పు, వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన ఆవిడ, అన్నీ చెబుతారు. ఉప్పు ఏమిటని అడిగితే మాత్రం "కూరలో వేస్తారు టీచరక్కా" అంటారు. పొద్దస్తమానం నేను చూసే సంగతిని వాళ్ళకు చూపించకపోతే ఎలా అనిపించింది.

నేను చూసేది నీళ్ళలో కలిపిన ఉప్పు కాదు. నిప్పు సెగకు తానే ద్రవమైపోయిన ఉప్పు. అందులో నీటి చుక్క ఉండదు, ధన అయాన్లూ ఋణ అయాన్లూ మాత్రమే ఉంటాయి. ఒకే ఆవేశం ఉన్నవి తోసుకుంటాయి, వేరు ఆవేశం ఉన్నవి లాక్కుంటాయి. కాబట్టి ఎంత కరిగినా, ఎంత కదిలినా, ధన అయాను చుట్టూ ఋణ అయాన్లు, వాటి చుట్టూ మళ్ళీ ధన అయాన్లు. గట్టి ఉప్పులో వాటికి కచ్చితమైన చోట్లుంటాయి. కరిగినప్పుడు చోట్లు పోతాయి గానీ ఈ వరస మర్యాద పోదు.

ఇంతవరకూ అయాన్లను గోలీకాయల్లా అనుకుని లెక్క కట్టవచ్చు. నేనూ మొదట అలాగే కట్టాను. వంటింటి ఉప్పు దాకా లెక్క బాగానే నడిచింది. జింక్ క్లోరైడ్ అనే ఇంకో ఉప్పు దగ్గర చెడింది. జింకు అయాను చిన్నది, రెండు ధనావేశాలు మోస్తుంది. అలాంటివి రెండు ఎదురుపడితే గట్టిగా తోసుకోవాలి. గోలీల లెక్కలో అవి ఎడంగానే నిలబడ్డాయి. కరిగించిన అసలు ఉప్పును కొలిచిన వాళ్ళు చెప్పేది వేరు. జింకులు ఒకదానికొకటి మనం అనుకున్న దానికన్నా బాగా దగ్గరగా ఉంటాయి.

లోపం జింకులో లేదు. మధ్యనున్న క్లోరైడ్‌ను నేను గోలీ అనుకోవడంలో ఉంది. క్లోరైడ్ పెద్ద అయాను, దాని ఎలక్ట్రాన్లు మబ్బులా వదులుగా ఉంటాయి. అన్ని వైపుల నుంచీ సమానంగా లాగితే మబ్బు గుండ్రంగానే ఉంటుంది. ఒక వైపు నుంచే లాగితే అటు ఒరుగుతుంది. దీన్నే ధ్రువణం అంటాం. రెండు జింకులు ఒకే వైపు నుంచి లాగితే మబ్బు ఆ రెండింటి మధ్యకు సాగుతుంది. ఆ ఋణావేశం అడ్డు నిలిచేసరికి జింకుల పోట్లాట సగం చల్లారుతుంది. మూడూ ఒకే గీత మీద ఉండాల్సిన పని పోతుంది. క్లోరైడ్ దగ్గర గీత మూల తిరుగుతుంది, జింకులు దగ్గరపడతాయి. ఈ ఒరుగుడును లెక్కలో కలిపిన రోజున నా అంకెలు కొలతల పక్కకు వచ్చి నిలబడ్డాయి. కుర్చీలోనే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. పక్క సీటు సార్ నాకు తలనొప్పి అనుకుని టీ తెప్పించారు.

పిల్లలతో దీన్ని ఆడిద్దామనుకున్నాను. అట్టల మీద ప్లస్ గీస్తే మా వాళ్ళు సిలువ అనుకుని అందరూ అదే కావాలంటారని తెలుసు. అందుకే రిబ్బన్లు కొన్నాను. ధన అయాన్లకు ఎరుపు, ఋణ అయాన్లకు నీలం. పంచడానికి తేలికని మగపిల్లలకు ఎరుపు, ఆడపిల్లలకు నీలం కట్టాను. "ఎర్రవాళ్ళు నీలంవాళ్ళ పక్కకు వెళ్ళి చేతులు పట్టుకోండి. మీ రంగువాళ్ళకు దూరంగా ఉండండి" అని చప్పట్లు కొట్టాను.

ఎర్ర రిబ్బన్లన్నీ హాలు కుడి పక్కన గోడకు చేరాయి. నీలం రిబ్బన్లన్నీ ఎడమ పక్కన. మధ్యలో దారి ఖాళీగా ఉంది. ప్రపంచంలో ఏ ఉప్పూ అలా విడిపోదు. విడిపోతే ఆ తోపుడుకు పేలిపోతుంది. మా పిల్లలు మాత్రం ఎంతో శాంతంగా, చేతులు కట్టుకుని, ఎవరి గోడ దగ్గర వాళ్ళు నిలబడ్డారు.

"వెళ్ళండర్రా" అన్నాను.

"దారి దాటకూడదు కదా టీచరక్కా" అంది ఒక పిల్ల.

అప్పుడే గుమ్మంలో పెదనాన్న నిలబడి ఉన్నారు. మజ్జిగ క్యాను తెచ్చినట్టున్నారు.

"బాగున్నాది. క్రమంగా ఉన్నారు" అన్నారు.

"క్రమం కాదు పెదనాన్నా, తప్పు. ఎర్ర పక్కన నీలం ఉండాలి. చేతులు పట్టుకోవాలి."

"మగగుంటలూ ఆడగుంటలూ సేతులు పట్టుకోవాలా? మందిరంలోనా?"

"ఉప్పు అలాగే ఉంటుంది."

"ఉప్పుకి సిగ్గు లేకపోతే మనకుండద్దేటి?"

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. క్యాను కింద పెట్టి నన్ను గుమ్మం బయటికి పిలిచారు.

"సూడమ్మా, నాను సదువుకి అడ్డం కాదు. నువ్వు సదువుతావంటే మీ నాన్నకంటే ముందు నానే సరే అన్నాను. కానీ ఇది దేవుని మందిరం. సనివారం పెద్దల ముందు ఇది ఆడించి సూపించు. ఇందులో వాక్యం ఏటో సెప్పు. ఉంటే ఆదివారం ఆడండి. లేదనుకో, ఈ పాఠం కాలేజీలో సెప్పుకో. క్లాసు ఇంకో అమ్మాయికి అప్పజెప్దాం."

"క్లాసా?"

"రెండు పడవల మీద కాళ్ళెందుకమ్మా నీకు" అని క్యాను మూత తీసి పిల్లలకు మజ్జిగ పొయ్యడం మొదలుపెట్టారు. ఆయన కోపంగా అని ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు.

మర్నాడు రంగులు మార్చి చూశాను. కుడి పక్కన సగం ఎరుపు, సగం నీలం. ఎడమ పక్కనా అంతే. రెండు పక్కలా చక్కగా ఉప్పు తయారైంది, మధ్యలో దారి అలాగే ఉంది. "మగ ఉప్పు, ఆడ ఉప్పు" అన్నాడొకడు. రెండు గట్టి ఉప్పురాళ్ళుగా అది సరిపోతుంది. కరిగిన ఉప్పులో అలాంటి గట్టు ఉండదు. పైగా నేను చూపించాలనుకున్న ఒరుగుడు అందులో ఎక్కడా లేదు. చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు గోలీకాయలే. నా మొదటి లెక్కలాగే ఉన్నారు.

ఆ సాయంత్రం కాలేజీ పని చూసుకుని బస్సు దిగి మా సందులోకి వస్తుంటే పిన్ని అరుగు మీద ఎండుచేపలు పరిచి ఉన్నాయి. పిన్ని అంటే చుట్టరికం కాదు. గంగపుత్రుల ఆడమనిషి, హార్బరు నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. కాకులు రాకుండా చేపల మీద పాత నైలాను వల కప్పింది. ఒక పొర ఉన్న చోట చేపలు కళ్ళతో సహా కనిపిస్తున్నాయి. వల మడతపడి కుప్పగా ఉన్న చోట ఏమీ కనిపించడం లేదు. నేను అక్కడే ఆగిపోయాను.

"ఏటి పాపా, సేపలు కావాలేటి?"

"వల కావాలి పిన్నీ. చిరిగినవైనా పరవాలేదు. నాలుగైదు ముక్కలు."

"సంద్రానికెల్తావేటి?"

"పిల్లల మీద కప్పుతాను."

"కప్పితే ఊరుకుంటారేటి మీ గుంటలు? సేపైతే సచ్చి ఉంటాది కాబట్టి ఊరుకుంటాది." లోపలికి వెళ్ళి ఒక చంకెడు వల తెచ్చి నా చేతుల్లో పడేసింది. "ఉతుక్కో. నాకైతే వాసన తెలీదు. మీ దేవుడికి తెలుస్తాదేమో."

రెండు సార్లు సర్ఫులో నానబెట్టి ఉతికాను. వాసన పూర్తిగా పోలేదు. గుండ్రంగా కత్తిరించి మధ్యలో తల పట్టేంత కన్నం చేశాను. నీలం రిబ్బను పిల్లలు అది వేసుకుంటే భుజాల చుట్టూ పెద్ద గొడుగులా వేలాడుతుంది. అదే క్లోరైడ్ మబ్బు. ఎర్ర రిబ్బనువాళ్ళు చెయ్యి పట్టుకోనక్కర్లేదు, వల అంచు పట్టుకుంటే చాలు. మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకరినొకరు ముట్టుకోరు. దారి దాటడానికి ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వలకు అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు.

ఎర్రవాళ్ళకు ఒకే నియమం చెప్పాను. ఇంకో ఎర్ర రిబ్బను కనిపిస్తే ఒక అడుగు వెనక్కి. కనిపించకపోతే ఒక అడుగు ముందుకి. అంతకు మించి వాళ్ళకు ఏమీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. మధ్యలో పాస్టరు అయ్యగారు, ఆ చివర పెదనాన్న. ముందు ఒక నీలం పిల్లను నిలబెట్టి అన్ని వైపులా ఎర్రవాళ్ళను పెట్టాను. అందరూ సమానంగా లాగారు. వల గుండ్రంగా, బిగుతుగా నిలిచింది. "ఇది గట్టి ఉప్పు లోపలి అయాను. ఎంత లాగినా ఎటూ ఒరగదు" అన్నాను. తర్వాత ఒక వైపు వాళ్ళను తీసేశాను. వల మొత్తం రెండో వైపుకు జారి, పిల్ల మెడ వెనక ఖాళీ అయిపోయింది. "ఇది చిన్న గుంపు అంచున ఉన్న అయాను. పది పన్నెండు అయాన్ల గుంపులో చాలావాటికి గతి ఇదే. ఒక పక్కనే చుట్టాలుంటారు, రెండో పక్క ఎవరూ ఉండరు. అందుకే ఎక్కువ ఒరుగుతాయి." తర్వాత చప్పట్లు కొట్టి అందరినీ కదలమన్నాను. వలలు ఒకసారి ఇటు, ఒకసారి అటు జారుతూనే ఉన్నాయి. అదే కరిగిన ఉప్పు.

ఆఖరుకు ఇద్దరు ఎర్రవాళ్ళు. మగపిల్లల పక్క నుంచి ఒకడు, ఆడపిల్లల పక్క నుంచి ఒకతె. వల లేని నీలం పిల్లను దారి మధ్యలో నిలబెట్టాను. ఇద్దరూ ఒకరి రిబ్బను ఒకరు చూసుకుంటూ అడుగు అడుగు వెనక్కి వేసి గోడలకు తగిలారు. ఇప్పుడు నీలం పిల్లకు వల తొడిగి, ఇద్దరినీ వల అందేంత దూరానికి పిలిచి, అంచులు వాళ్ళ చేతుల్లో పెట్టి, ఒకే వైపు నుంచి లాగమన్నాను. వల మడతలు మడతలుగా వాళ్ళ మధ్యకు చేరింది. రిబ్బన్లు మరుగయ్యాయి. అడుగు ముందుకి. వల ఇంకా మడతపడింది. మరో అడుగు. ఇద్దరూ దారి మధ్యలో, కుప్పపడిన వలకు చెరో పక్క, దాదాపు భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. అది వాళ్ళకు తెలియదు.

అయ్యగారికి చాలా నచ్చింది. ముందుకు వంగి అన్నారు, "అమ్మా, చక్కగా ఉంది. ఒక్క మాట చెప్పి ముగించు, చాలు. ఆ మధ్య పిల్ల ఒరిగింది చూశావా, అది వినయం. పడని ఇద్దరినీ దగ్గర చేసింది, అది సమాధానపరచడం. వాక్యాలు నేనే రాసిస్తాను."

నాకు కావలసింది అదే. పెదనాన్న అడిగిన వాక్యం నా చేతిలోకి వచ్చి పడింది. తల ఊపితే క్లాసు నాది.

"క్షమించండి అయ్యగారూ" అన్నాను. "క్లోరైడ్ వినయంతో ఒరగదు. జింకు లాగితే ఒరుగుతుంది, లాగకపోతే ఒరగదు. దానికి ఇంకో దారి లేదు. ఒరగకుండా ఉండగలిగినవాళ్ళు ఒరిగితేనే వినయం. నేను పిల్లలకు అయాన్లు వినయంగా ఉంటాయని చెబితే వాళ్ళకు అయానూ తెలియదు, వినయమూ తెలియదు."

"అయితే వాక్యం లేనట్టేనా?" పెదనాన్న మొదటిసారి మాట్లాడారు.

"ఇందులోంచి తీసే నీతి లేదు పెదనాన్నా. దేవుడు ఉప్పును ఎలా చేశాడో అది ఉంది."

"మరి మందిరంలో ఎందుకమ్మా?"

"కీర్తనల్లో మనం పాడే స్తుతిలో వడగళ్ళు లేవా? మంచు, ఆవిరి, తుపాను గాలి? అవి అక్కడ మనకి నీతులేవీ చెప్పవు. ఆయన చెప్పినట్టు చేస్తాయి, అంతే. వాటికి చోటున్నప్పుడు దీనికీ ఉంటుంది."

గూడ్సు బండి వచ్చింది. పెద్ద బండి, స్టీలు ప్లాంటు వైపు బొగ్గుతో వెళ్తున్నట్టుంది. మా అలవాటు ప్రకారం అందరం ఆగాం. పిల్లలు వలల్లో చిక్కుకుని కదలకుండా నిలబడ్డారు. పెదనాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు. బండి పోయింది.

"వడగళ్ళ మాట ఉన్నాది" అన్నారు. "ఆ స్తుతి సదివించి మొదలెట్టు. ముగింపుకి ఏటీ వొద్దు."

"ఒక్క ముగింపు మాటైనా లేకపోతే జనానికి..." అన్నారు అయ్యగారు.

"వొద్దండి అయ్యగారూ. ఈ మజ్జన ప్రతీదానికీ ఓ వాక్యం అతికించేత్తన్నాం. గాలిపటానికీ వాక్యవే, సెల్‌ఫోనుకీ వాక్యవే. ఇది అతకదని ఈ పిల్లే సెప్తాంది. అతకనిదాన్ని అతికిందని సెప్పకపోవడవే నాకు కావాలి." తర్వాత నా వైపు చూసి, "క్లాసు సంగతి రేపు ప్రోగ్రాం అయ్యాక" అన్నారు.

ఆదివారం హాలు నిండింది. పిన్ని కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది, తన వలలు చూసుకోవడానికని. ఒక చిన్నమ్మాయి వడగళ్ళ స్తుతి చదివింది. తర్వాత అంతా శనివారంలాగే జరిగింది, ఒక్క చోట తప్ప. ఆఖరున ఇద్దరు ఎర్రవాళ్ళూ దారి మధ్యలోకి వచ్చాక మధ్యనున్న నీలం పిల్లకు వల దురద పెట్టినట్టుంది, తల మీదుగా లాగి తీసేసింది. ఇద్దరికీ ఎదురుగా, ముక్కు ముందే, ఎర్ర రిబ్బన్లు. ఒక్క గెంతులో చెరో గోడకు పోయారు. నియమం వాళ్ళు మర్చిపోలేదు. హాలంతా నవ్వింది. అమ్మగార్లు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మబ్బు తీసేస్తే జింకులు ఎంత గట్టిగా తోసుకుంటాయో నేను రాసిపెట్టినా అంత బాగా ఆడించలేను.

పెదనాన్న నవ్వలేదు. కూర్చున్న చోటు నుంచే, "మళ్ళీ సూపించండి" అన్నారు.

మళ్ళీ ఆడాం. ఆయన లేచి వచ్చి దారి చివర నిలబడి, వల మడతపడడం మొదలైనప్పటి నుంచి ఆఖరి అడుగు దాకా చూశారు. పోర్టులో పైనుంచి బరువు దింపేటప్పుడు అలాగే చూసేవారేమో.

అందరూ భోజనాలకు లేచాక చర్చి వెనక ఆవరణలో నేను వలలు మడుస్తున్నాను. పెదనాన్న వచ్చి రెండో అంచు పట్టుకున్నారు. దుప్పటి మడిచినట్టు ఆయన అటు, నేను ఇటు. మధ్యలో వల.

"హాలంతా సేపల కంపు. వొచ్చే ఆదివారానికి కడిగించాలి."

"నేను కడుగుతాను పెదనాన్నా."

"నువ్వెలా కడుగుతావ్? నీకు క్లాసుంటాది గదా." ఆయన వలను ఇంకో మడత వేశారు. "కంఠత వాక్యాలు నానే వొచ్చి అడుగుతాను. ఉప్పులో పడి అవి మానేసినట్టున్నారు. ఒక్కడికి కూడా అప్పజెప్పడం రాలేదు నిన్న."

"సరే పెదనాన్నా."

మూడో మడతకు వల మందంగా అయింది. ఆయన దాన్ని ముఖం ఎత్తుకు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూశారు.

"నిజవేనమ్మా. నువ్వు కనబడ్డం లేదు."

"కనబడకపోతే అడుగు ముందుకెయ్యాలి."

"నాను రిబ్బను కట్టుకోలేదు గదా" అన్నారు. అంటూనే ఒక అడుగు ముందుకు వేసి, తన చేతిలోని అంచు నా చేతిలోని అంచుకు కలిపారు.